ధారణ: మన పాత మెమరీ టెస్ట్

బాసరలో అక్షరాభ్యాసం చేయించుకున్న మనం ఇప్పుడు ఓటీపీని కూడా రెండుసార్లు చూసి కొడుతున్నాం. మెదడుకు పరీక్ష పెట్టే యాప్‌లు రాకముందే మనకు అష్టావధానం ఉంది.

నిషిద్ధాక్షరిలో పృచ్ఛకుడు ఒక్కో అక్షరం వద్దంటుంటే, అవధాని అప్పటికప్పుడు వేరే అక్షరంతో పద్యం నడిపించాలి. ఇది స్పందన వేగం. మధ్యమధ్యలో మోగే గంటల్ని లెక్కపెట్టుకోవాలి. ఇది ఏకాగ్రత. పాదం పాదంగా చెప్పిన పద్యాలన్నీ చివర్లో పూర్తిగా అప్పజెప్పాలి. ఇదే ధారణ.

ఇంట్లో ఇలా చేసి చూడండి. మీకొచ్చిన శ్లోకాలు చదువుతుంటే, అమ్మనో తమ్ముడినో పూజగంట అప్పుడప్పుడు కొట్టమనండి. చివర్లో ఎన్నిసార్లు మోగిందో చెప్పండి. శ్లోకం తప్పినా, లెక్క తప్పినా మళ్లీ మొదటి నుంచే. రోజూ రాసిపెట్టుకుని, వారం తర్వాత పోల్చుకోండి. సరస్వతమ్మను జ్ఞాపకశక్తి అడగడంతో పాటు సాధన కూడా చేద్దాం.