బండి వచ్చే వేళకు ఇంట ఎవరున్నారు?



ఈ మాసపు పాఠములో మన బళేపేట వీధిమూలలను గూర్చి ఆలోచించుదము. బ్రతుకుతెరువుకై వచ్చి ఇక్కడి అద్దె గదులలో, వఠారములలో కాపురమున్న మనవారు మాతో తరచుగా ఒక మాట అంటుంటారు: "అద్దెకున్నవాళ్ళము, ఈ వీధి సంగతి మాకెందుకండీ? ఓనరు చూసుకుంటాడు, లేకపోతే కార్పొరేషను చూసుకుంటుంది." ఈ మాట ఎంతవరకు నిలుచునో చూడవలెను.

కెంపేగౌడ 1537లో స్థాపించిన పాత పేటలో మన బళేపేట ఒక భాగము. బళె అనగా కన్నడములో గాజు. ఇక్కడి సందులు ఇరుకు, ఇండ్లు ఒకదానికొకటి ఆనుకొని యున్నవి. 1898లో ప్లేగు వచ్చినప్పుడు ఇటువంటి ఇరుకు పేటలే మిక్కిలి బాధపడినవి. ఆ తరువాతనే బసవనగుడి, మల్లేశ్వరము వంటి కొత్త పేటలకు ఊపు వచ్చినది. ఇరుకులో ఒక ఇంటి మురికి ఒక ఇంటితో ఆగదు. అది ఓనరెవరు, అద్దెవారెవరు అని అడుగదు.

2012వ సంవత్సరము చాలామందికి జ్ఞాపకముండును. నగరపు చెత్త వెళ్ళి పడుచుండిన మావళ్ళిపుర గ్రామస్థులు తమ నీళ్ళు పాడైనవని ఎదురు తిరిగిరి. ఆ స్థలము మూతబడగా బెంగళూరు వీధులలో రోజుల తరబడి కుప్పలు నిలిచిపోయినవి. మండూరు వారును అట్లే పోరాడగా 2014 ఆఖరుకు అక్కడికి లారీలు ఆగినవి. మనము మూలలో విసిరిన సంచి మాయము కాదు, మరియొక ఊరి బావి ప్రక్కకు చేరును. ఆ ఊరివారు కూడ మనకు పొరుగువారే గదా!

2012 అక్టోబరు నుండి చెత్తను ఇంటిలోనే వేరు చేయుట తప్పనిసరి అయినది. 2015 డిసెంబరులో హైకోర్టు రెండు బుట్టలు, ఒక సంచి పద్ధతిని ఆదేశించెను. తడి చెత్తకు పచ్చ బుట్ట, పారవేయవలసిన శానిటరీ చెత్తకు ఎర్ర బుట్ట, కాగితము, ప్లాస్టిక్కు మొదలగు పొడి చెత్తకు సంచి. ఇది ఓనరుకు మాత్రమే కాదు, ప్రతి కాపురమునకు వర్తించును.

అయినను మూలలో కుప్ప ఎందుకు లేచుచున్నది? మనవారు శుభ్రత తెలియనివారు కారు. తెల్లవారకముందే కళ్ళాపి చల్లి ముగ్గు పెట్టిన చేతులే ఇవి. చిక్కు వేళలో ఉన్నది. బండి ఉదయము వచ్చును. అప్పటికి కొందరు పనికి వెళ్ళిపోదురు. రాత్రి డ్యూటీ చేసినవారు నిద్రలో నుందురు. తడి చెత్త గదిలో వాసన కొట్టును. చివరకు అది చేతిసంచిలో బయలుదేరి, బస్‌స్టాండుకు పోవు దారిలో మూలకు చేరును. మొదటి సంచి రెండవ దానిని పిలుచును. 2010లో ఈ నగరములో మొదలైన 'ది అగ్లీ ఇండియన్' అను అనామక బృందము ఇటువంటి మూలలను శుభ్రపరచి, రంగులు వేసి, మొక్కలు పెట్టుచు వచ్చినది. మంచి పని. కాని సంచి అక్కడికి వచ్చుటకు కారణము తీరనిదే రంగు ఒక్కటే చాలదని మా అభిప్రాయము.

కాబట్టి పొరుగు అవసరము. ఆరు గదుల వఠారములో బండి వేళకు ఇంట నుండువారు ఒక్కరైనా ఉందురు. "అవ్వా, మా బుట్టలు కూడ బండికి అందిస్తావా?" అని అడుగుటకు సిగ్గెందుకు? అయితే అవ్వ మీద మోపి మరచిపోవుట న్యాయము కాదు. ఆమెకు పాలు తెచ్చి ఇచ్చువారు ఒకరు, బుట్టలు కడుగువారు ఒకరు, ఆదివారము వంతు తీసుకొనువారు ఒకరు ఉండవలెను. మద్రాసులో 1989లో మొదలైన ఎక్స్‌నోరా పద్ధతిలో వీధివారే నెలకింత వేసుకొని, చెత్త తీయుటకు మూడు చక్రాల బండితో ఒక మనిషిని పెట్టుకొనిరి. మన సూర్యాపేట కూడ 2000 తరువాతి సంవత్సరములలో ఇంటింటికి రెండు బుట్టలతో పేరు తెచ్చుకొన్నది.

ఇంకొక సంగతి. ఈ నగరపు పౌరకార్మికులలో చాలామంది తెలుగు మాటలాడువారు, ఆంధ్ర నుండి వచ్చిన దళిత కుటుంబములవారు. ఉద్యోగములు పర్మనెంటు చేయవలెనని 2022 జూలైలో వారు సమ్మె చేసిరి. కన్నడములో కస, రాయలసీమలో కసువు. మాట కూడ చుట్టమే. కలిపి వేసిన చెత్తలో పగిలిన గాజు, వాడిన బ్లేడు వారి చేతులనే కోయును. వాటిని కాగితములో చుట్టి విడిగా ఇవ్వండి. "అమ్మా, రేపు ఎన్ని గంటలకు వస్తారు?" అని తెలుగులోనే అడగండి.

2025 సెప్టెంబరులో బిబిఎంపి స్థానములో ఐదు నగర పాలక సంస్థలు ఏర్పడినవి. బోర్డులు మారినను బండిని అందుకొనవలసినది మనమే. ఓనరును అడుగవలసినది మెట్ల క్రింద బుట్టలకు కొంచెము చోటు. బండి వేళను కుళాయి ప్రక్క గోడమీద వ్రాసిపెట్టండి. తెలుగులో మాత్రమే కాదు, కన్నడములోను, హిందీలోను కూడ, ఏలయనగా ప్రక్క గదిలోనివారు కూడ అదే మూల మీదుగా పోవుదురు.