జీతమా? గీతమా?



సుంకరులు, సైనికులు స్నాపక యోహాను చెంతకు వచ్చి తామేమి చేయాలని అడిగారు. యోహాను వారిని ఉద్యోగం మానమనలేదు. నిర్ణయించినదానికి మించి వసూలు చేయవద్దనీ, జీతంతో తృప్తి చెందమనీ చెప్పాడు (లూకా 3:12-14). మన మాటల్లో చెప్పాలంటే, జీతం చాలు, గీతం వద్దన్నాడు.

ఏ ఉద్యోగినైనా "లంచం తప్పా?" అని అడగండి. తప్పనే అంటాడు. మరి మనసులో ఉన్నది తెలిసేదెలా? రేమా హన్నా, షింగ్-యి వాంగ్ అనే ఇద్దరు ఆర్థికశాస్త్రవేత్తలు బెంగుళూరు కళాశాల విద్యార్థులకు ఒక పరీక్ష పెట్టి, ఫలితాలను 2013లో వెలువరించారు. విద్యార్థి ఒంటరిగా పాచికను 42 సార్లు వేసి, పడిన అంకెలను తానే వ్రాయాలి. అంకె పెరిగేకొద్దీ డబ్బు పెరుగుతుంది. చూసేవారు లేరు. నిజం వ్రాస్తే మొత్తం సగటున 147 రావాలి. చాలామంది దానికి ఎంతో మించి వ్రాశారు. అలా వ్రాసినవారిలోనే ప్రభుత్వోద్యోగం కావాలనే కోరిక ఎక్కువగా కనబడింది. అవినీతిపై అభిప్రాయాన్ని సూటిగా అడిగిన ప్రశ్నలు మాత్రం ఆ తేడాను పట్టలేకపోయాయి. నోరు చెప్పనిది చేయి చెప్పింది!

దీనిని బట్టి ప్రభుత్వోద్యోగులందరికీ తీర్పు తీర్చరాదు. మన విచారణల్లోనే చేయి చాపని ఉపాధ్యాయులు, నర్సులు, గుమాస్తాలు ఉన్నారు. డెన్మార్కులో ఇటువంటి పరీక్షే జరిపితే, నిజాయితీపరులే ప్రభుత్వసేవను ఎక్కువగా కోరుకున్నారు. ఉద్యోగం దేనికని పిల్లలకు నేర్పుతున్నామో ఆలోచించవలసింది మనమే. పెండ్లి సంబంధం చూసేటప్పుడు "జీతం సరే, పైన ఎంత?" అని అడిగేదెవరు?

నేనూ ఇందుకు అతీతుణ్ణి కాను. కొన్నేళ్ల క్రితం విచారణ పనికి ఒక అనుమతి ఆలస్యమైతే, ఒక కవరు పంపాను. లెక్కల పుస్తకంలో "ఇతర ఖర్చులు" అని వ్రాశాను. లంచమనడానికి చేయి రాలేదు. చాలాకాలానికి పాపసంకీర్తనంలో దాని అసలు పేరుతో చెప్పుకున్నాను.

శ్రీసభ సత్యోపదేశం (2409) అవినీతిని "దొంగిలించవద్దు" అనే ఆజ్ఞ క్రిందే చేర్చింది. 1988 నాటి అవినీతి నిరోధక చట్టానికి 2018లో చేసిన సవరణ, లంచం ఇచ్చేవారిని కూడా నేరుగా నేరస్థులుగా ఎంచుతుంది. బలవంతం మీద ఇచ్చినవారు ఏడు రోజుల్లోగా అధికారులకు ఫిర్యాదు చేస్తే వారికి రక్షణ ఉంది.

ఈ వారం కుటుంబ ప్రార్థన తర్వాత ఈ మూడు ప్రశ్నలపై ఆత్మశోధన చేసుకోండి:

1. పిల్లల ఎదుట పై సంపాదనను తెలివిగా పొగిడానా?
2. నా పని త్వరగా కావాలని ఎవరి చేయైనా తడిపానా? దానికి ఏ పేరు పెట్టాను?
3. నా వలన నష్టపోయినవారికి తిరిగి ఇవ్వవలసినది ఏమైనా ఉందా?

జక్కయ మంచి అభిప్రాయాలు చెప్పి ఊరుకోలేదు. అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగు రెట్లు ఇస్తానన్నాడు (లూకా 19:8). ఆ దినమే అతని ఇంటికి రక్షణ వచ్చింది. మన ఇంటికీ రావాలని ప్రార్థించుదాం.