తాతకు తగిలిన విషం

‘తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి’ అని సామెత. తాత తాగిన నేతివాసన మనుమని మూతికి అంటదని అందులోని పరిహాసం. కాని నీటిలో కలిసే కొన్ని రసాయనాల విషయంలో ఈ సామెత తలకిందులు కావచ్చునని చేపలపై జరిగిన పరిశోధనలు తెలుపుతున్నాయి.

ప్రాణి దేహంలో హార్మోనులు దూతల వంటివి. పెరుగుదల, లింగభేదం, సంతానోత్పత్తి వాటి ఆజ్ఞలను అనుసరించి సాగుతాయి. మానవుడు తయారుచేసిన కొన్ని పదార్థాలు ఈ దూతల వేషం ధరించి దేహంలో ప్రవేశిస్తాయి. గర్భనిరోధక మాత్రలలోని ఇథినైల్ ఈస్ట్రడయాల్, కొన్ని ప్లాస్టిక్కుల తయారీలో వాడే బిస్ఫినాల్-ఎ ఇటువంటివే. మురుగునీటితోపాటు ఇవి నదులను చేరుతాయి.

కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో పరిశోధనలకై కేటాయించిన సరస్సులున్నాయి. వాటిలో 260వ సరస్సులో 2001 నుంచి 2003 వరకు శాస్త్రవేత్తలు ఇథినైల్ ఈస్ట్రడయాల్‌ను కలిపారు. లీటరు నీటికి 5, 6 నానోగ్రాములు మాత్రమే. గ్రామును నూరుకోట్ల భాగాలు చేస్తే అందులో ఒక భాగం నానోగ్రాము. అంతటి స్వల్పమాత్రకే ఫాట్‌హెడ్ మిన్నో అనే చిన్న చేపలలో మగవాటి దేహంలో విటెల్లోజెనిన్ పుట్టింది. ఇది గుడ్డుసొనకు మూలమైన మాంసకృత్తు. క్రమంగా ఆ జాతి సరస్సులో అంతరించే స్థితికి చేరింది. రసాయనం కలపడం మానిన కొన్నేళ్ళకు మళ్ళీ వృద్ధి చెందింది.

మగచేపలో ఆ మాంసకృత్తు ఎలా పుట్టింది? దానికి సంబంధించిన జన్యువు మగచేపలోనూ ఉంటుంది. కాని నిద్రాణమై ఉంటుంది. తాళపత్రంలోని అక్షరాలు మారకపోయినా, ఏది చదవాలో ఏది విడవాలో తెలిపే గుర్తులు మారితే పాఠం మారుతుంది కదా! డి.ఎన్.ఎ. మీద మిథైల్ సమూహాలు అటువంటి గుర్తులు. ఈ గుర్తుల అధ్యయనం ఎపిజెనెటిక్స్ శాస్త్రంలో ఒక భాగం. ఇథినైల్ ఈస్ట్రడయాల్ సోకిన జీబ్రా చేపల కాలేయంలో, విటెల్లోజెనిన్ జన్యువు వద్ద ఈ గుర్తులు తగ్గినట్లు ఒక ప్రయోగంలో తేలింది.

ఈ మార్పు ఒక తరంతో ఆగుతుందా? 2015లో అమెరికా శాస్త్రవేత్తలు ప్రకటించిన పరిశోధన ఈ ప్రశ్నకు సంబంధించినదే. వారు మెడాకా చేపలను పిండదశలో మొదటి ఏడు రోజులు మాత్రమే ఈ రెండు రసాయనాలకు గురిచేశారు. ఆ చేపలలోగాని, వాటి పిల్లలలోగాని ఏ లోపమూ కనబడలేదు. మనుమల తరంలో మాత్రం గుడ్లు ఫలదీకరణం చెందడం దాదాపు 30 శాతం తగ్గింది. ఆ తరువాతి తరంలో పిండాలు బ్రతకడమే తగ్గింది. ఆ మనుమలు విషజలాన్ని ఎన్నడూ ఎరుగవు. బీజకణాల ద్వారా సంక్రమించిన ఎపిజెనెటిక్ మార్పులు ఇందుకు కారణం కావచ్చునని పరిశోధకుల అభిప్రాయం.

కాబట్టి నేటి చేప ఆరోగ్యంగా ఉన్నంత మాత్రాన నీరు నిర్దోషమని తీర్పు చెప్పరాదు. విషం ఆపితే జాతి కోలుకోగలదని 260వ సరస్సు చూపింది. ఆపడంలో జాప్యం చేస్తే, ఆ ఫలితాన్ని ఇంకా పుట్టని తరాలు అనుభవించవలసి రావచ్చునని మెడాకా హెచ్చరిస్తున్నది.

కఠిన పదాలకు అర్థాలు
నిద్రాణం = నిద్రిస్తున్నది
స్వల్పమాత్ర = కొద్ది పరిమాణం
సంక్రమించు = ఒకరినుండి మరొకరికి చేరు
జాప్యం = ఆలస్యం

ప్రశ్నలు
1. 260వ సరస్సులో జరిగిన ప్రయోగాన్ని, దాని ఫలితాలను వివరించండి.
2. రచయిత తాళపత్రాన్ని దేనికి ఉపమానంగా చెప్పారు?
3. ఒక తరం చేపలను చూసి నీటిని గురించి తీర్పు చెప్పరాదనడానికి కారణమేమి?