బిడ్డ చేతి వంట

చదువవలసిన భాగములు: ఆదికాండము 25:29–34, యోహాను 21:1–14

పొలమునుండి అలసి వచ్చినవారికి వండిన అన్నము ఎదురగుట ఎంత ఆదరణయో మన పల్లెలవారికి చెప్పనక్కరలేదు. దోమకొండ ప్రాంతమున వరినాట్ల కాలమందును, మక్క కంకులు విరుచు దినములందును తల్లి ప్రొద్దుగూకువరకు చేనిలోనే యుండును. ఆ సాయంకాలమున పదేండ్ల బిడ్డ పచ్చిపులుసు చేసి ఉంచినయెడల ఆ తల్లి ముఖము చూడుడి. బిడ్డ ముఖమును కూడ చూడుడి.

పచ్చిపులుసుకు పొయ్యి అక్కరలేదు గనుక మొదటి పాఠమునకు అదియే తగినది. నానబెట్టిన చింతపండు పిసికి, పిప్పి తీసి, ఉల్లిగడ్డ, మిరపకాయ, ఉప్పు, జీలకర్ర కలిపిన చాలును. తరువాత గటుక. మసలు నీళ్లలో మక్కరవ్వ పోయుచు కలుపుట మానినచో ఉండలు కట్టును. కట్టెలపొయ్యి యైనను గ్యాసుపొయ్యి యైనను పెద్దవారు దగ్గర లేనప్పుడు బిడ్డచేత వెలిగింపకుడి. జొన్నరొట్టె అన్నిటికంటె కష్టము. గోధుమపిండికున్న సాగుడు జొన్నపిండికి లేదు గనుక వేడినీళ్లతో కలిపి బాగుగా పిసుకనిదే అంచులు పగులును. చేయి తిరుగుటకు నెలలు పట్టును; తొందరపెట్టకుడి.

ఇప్పుడు వాక్యము చూతము. ఏశావు పొలమునుండి అలసి వచ్చెను. యాకోబుకు వంట వచ్చును, కూర సిద్ధముగానున్నది. (మన బైబిలులో చిక్కుడుకాయలనియున్నను, హెబ్రీ మాట మసూరుపప్పుకు పేరు.) అయితే అతడు వెల అడిగెను, జ్యేష్ఠత్వమునే అడిగెను. తిన్న అన్నకు గాని పెట్టిన తమ్మునికి గాని ఆ పూట సంతోషము కలిగినట్లు వ్రాయబడలేదు.

తిబెరియ సముద్రతీరమున ఏడుగురు శిష్యులు రాత్రియంతయు వల వేసి, తెల్లవారిన తరువాత ఒడ్డునకు వచ్చిరి. అక్కడ నిప్పులు, వాటిమీద చేపలు, రొట్టె. ప్రభువును ఎరుగనని మూడు మారులు బొంకిన పేతురు వారిలో నుండెను. అయినను తినకముందు అతనిని ఏమియు అడుగలేదు.

ఈ రెండు చోట్లను వండి పెట్టినవారు పురుషులే. మగపిల్లవానికి పొయ్యి దగ్గర ఏమి పని అనువారు ఈ సంగతి ఆలోచింతురు గాక. మరియొక మాట గట్టిగా చెప్పవలెను. వంట నెపమున ఆడబిడ్డను బడి మాన్పించు ఇండ్లు ఇంకను ఉన్నవి. అది యాకోబు వంట వంటిదే. అయితే అక్కడ వెల చెల్లించునది వండిన బిడ్డయే.

పదియవ వచనము మరల చదువుడి. తన వంట సిద్ధముగానున్నను, వారు పట్టిన చేపలలో కొన్ని తెమ్మని ప్రభువు చెప్పెను. తక్కువై అడుగలేదు. మీ బిడ్డ మొదటి రొట్టె వంకరగానుండును, ఒక ప్రక్క మాడియుండును. దానిని పశువుల కుడితిలో వేయకుడి. తండ్రి పళ్లెములో పెట్టుడి.