పార్లమెంటులో రైతు గొంతు: ఆచార్య ఎన్.జి. రంగా

గుంటూరు జిల్లా నిడుబ్రోలులో 1900లో పుట్టిన గోగినేని రంగనాయకులు ఆక్స్‌ఫర్డ్‌లో చదివి, 1930లో కేంద్ర శాసనసభలో అడుగుపెట్టారు. రాజ్యాంగ సభలో లక్ష్యాల తీర్మానంపై మాట్లాడుతూ, అసలైన మైనారిటీలు ఈ దేశపు సామాన్య ప్రజలేనని వాదించారు. ఈ ఒక్క మాట చాలు, ఆయన దృష్టి ఎటువైపో తెలియడానికి.

1959 జనవరిలో నాగపూర్ కాంగ్రెస్ సమావేశం, రైతుల భూములను కలిపి ఉమ్మడిగా సాగుచేసే సహకార వ్యవసాయాన్ని ఆమోదించింది. సొంత చేను చేజారితే రైతుకు మిగిలేది కూలి బతుకేనన్నది రంగా భయం. ఆయన కాంగ్రెస్‌ను వీడి, ఆ ఏడే ఏర్పడిన స్వతంత్ర పార్టీకి అధ్యక్షుడయ్యారు.

పోటీ పరీక్షల అభ్యర్థులు రంగా గురించి చదివేటప్పుడు ఎక్కువగా తడబడేది 1964 నాటి 17వ రాజ్యాంగ సవరణ దగ్గర. ఎస్టేట్లను ప్రభుత్వం తీసుకునే చట్టాలకు ప్రాథమిక హక్కుల సవాలు నుంచి రక్షణనిచ్చే 31ఎ అధికరణంలోని ‘ఎస్టేట్’ నిర్వచనంలోకి అది రైత్వారీ భూములను కూడా తెచ్చింది. అంటే జమీందారు కాని మామూలు పట్టాదారు పొలం కూడా ఆ పరిధిలోకి వచ్చినట్టే. లోక్‌సభలో స్వతంత్ర పార్టీ పక్షాన రంగా దీన్ని గట్టిగా ఎదిరించారు. అయితే భూ గరిష్ఠ పరిమితికి లోబడి సొంతంగా సాగుచేసుకునే భూమిని తీసుకుంటే మార్కెట్ విలువకు తగ్గకుండా పరిహారం ఇవ్వాలన్న రక్షణ కూడా ఆ సవరణలోనే ఉంది. చాలా గైడ్లు దీన్ని వదిలేస్తాయి, మీరు వదలకండి.

తర్వాత ఆయన కాంగ్రెస్‌లోకి తిరిగివచ్చి, 1980 నుంచి గుంటూరు ఎంపీగా గెలిచారు. 1991లో పద్మవిభూషణ్ అందుకున్నారు. 1995 జూన్ 9న కన్నుమూశారు. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర వ్యవసాయ విశ్వవిద్యాలయం ఆయన పేరిటే ఉంది.