వార్డు ఓటు

పురపాలక ఎన్నికలు సమీపించగానే వికారాబాదు, తాండూరు పట్టణాలలో పలకరింపుల తీరు మారుతుంది. ఎన్నడూ గుమ్మం తొక్కనివారు వచ్చి క్షేమసమాచారాలడుగుతారు. మరచిపోయిన చుట్టరికాలు తిరిగి చిగురిస్తాయి. ఎవరికి ఓటు వేయాలన్న ప్రశ్న అప్పుడు ప్రతి ఇంటా తలెత్తుతుంది. అయితే దానికంటే ముందు తెలుసుకోవలసినది మరొకటి ఉంది. మనమెన్నుకొనే వార్డు సభ్యుడు ఏ పని చేయగలడు?

1993లో అమలులోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ, పట్టణ సంస్థలకు అప్పగించదగిన 18 అంశాలను పన్నెండవ షెడ్యూలులో చేర్చింది. నీటి సరఫరా, పారిశుద్ధ్యం, వీధిదీపాలు, ఉద్యానాలు, శ్మశానవాటికలు వాటిలోనివి. చూడటానికి చిన్నవే, నిత్యజీవితం మాత్రం వాటిమీదనే నడుస్తుంది.

తాండూరునే తీసుకొందాం. నాపరాళ్ళ పరిశ్రమ ఆ పట్టణానికి అన్నం పెడుతున్నది, రాతిదుమ్మునూ పంచుతున్నది. 'దుమ్ములేని తాండూరును చూపిస్తాను' అని ఒక అభ్యర్థి వాగ్దానం చేశాడనుకొందాం. పరిశ్రమల కాలుష్యాన్ని అదుపుచేసే అధికారం కాలుష్య నియంత్రణ మండలిది. పెద్ద రహదారుల బాధ్యత రోడ్లు భవనాల శాఖది. కాని వీధిని ఊడ్పించడం, మురుగుకాలువలో పేరుకొన్న రాతిబురదను తీయించడం పురపాలక సంఘం పనులు. వాటి సంగతి ఏమిటని నిలదీసి అడిగితే ఆ వాగ్దానంలో సారమెంతో తేలిపోతుంది. వికారాబాదులోనూ అంతే. అనంతగిరి అడవి అటవీశాఖది. ఊరి చెత్త ఊరిదే.

2020 జనవరి 22న ఈ రెండు పట్టణాలలో ఎన్నికలు జరిగినప్పుడు ప్రజలు వార్డు సభ్యులనే ఎన్నుకొన్నారు, చైర్‌పర్సన్‌ను కాదు. 2019 నాటి తెలంగాణ పురపాలక చట్టం ప్రకారం ఆ పదవికి వ్యక్తిని ఎన్నుకొనేది సభ్యులే. పదవిరీత్యా సభ్యులైన శాసనసభ్యులు, పార్లమెంటు సభ్యులు కూడ ఆ ఎన్నికలో పాల్గొంటారు. కాబట్టి 'ఫలానావారిని చైర్‌పర్సన్ చేయడానికి నాకు ఓటు వేయండి' అన్నది సగం మాటే. మిగిలిన సగం, అయిదేళ్ళు మన వీధికి జవాబుదారిగా ఉండేదెవరన్నది.

2011 జనాభా లెక్కలలో తాండూరు జనసంఖ్య సుమారు 65 వేలు. 36 వార్డులకు పంచితే వార్డుకు దాదాపు 1,800 మంది. ఓటర్లు ఇంకా తక్కువ. పదీ ఇరవై ఓట్లు ఫలితాన్ని తారుమారు చేయవచ్చు. ఓటు కొనేవారికి ఈ లెక్క మనకంటె బాగా తెలుసు. తెలుగులో 'ఓటికుండ' అంటే బీటవారిన కుండ. అమ్ముకొన్న ఓటుకు ఆ విశేషణం చక్కగా అతుకుతుంది.

సగం స్థానాలు స్త్రీలకు కేటాయించినవి. నామినేషను పత్రం భార్య పేర, ప్రచారం భర్త పేర సాగడం మన పట్టణాలలో అరుదు కాదు. అటువంటి అభ్యర్థి ఇంటికి వచ్చినప్పుడు ప్రశ్న ఆమెనే అడగాలి. సమాధానం ఆమె నోటనే వినాలి.

తిరిగి పోటీచేస్తున్న సభ్యుణ్ణి అడగవలసిన ప్రశ్న వేరు. యువకులు, మహిళలు, వయోవృద్ధులు, ప్రముఖ పౌరులతో ప్రతి వార్డుకు నాలుగు సంఘాలుండాలని 2019 చట్టం చెప్పింది. తన వార్డులో ఆ సంఘాలు ఎన్నిసార్లు కూర్చున్నాయో, అవి కోరిన పనులలో ఎన్ని పూర్తయ్యాయో ఆయన చెప్పగలగాలి.