వంతెన నడిమికొచ్చాకే కనిపించేది

సందేహం: అమెరికా నల్లజాతివారి పౌరహక్కుల పోరాటాన్ని ఎనిమిదో తరగతికి వర్చువల్ టూర్‌గా చెప్పాలనుకుంటున్నాను. బడిలో ప్రొజెక్టరు, నెట్ ఉన్నాయి. ఒక్క పీరియడ్‌లో ఏయే చోట్లు చూపించమంటారు?
– సోషల్ టీచరు, తెనాలి

సమాధానం: ఒక్క చోటు చాలు. మోంట్‌గొమరీ, బర్మింగ్‌హామ్, మెంఫిస్ అన్నీ తిప్పారంటే తిరునాళ్లలో రంగులరాట్నం ఎక్కించినట్టే. నేనైతే అలబామాలోని సెల్మాకు వెళతాను, ఎడ్మండ్ పెట్టస్ వంతెన దగ్గరికి.

గూగుల్ మ్యాప్స్‌లో స్ట్రీట్ వ్యూ తెరిచి, ఊరివైపు వంతెన మొదట్లో ఆగండి. ‘అవతల ఏముంది?’ అని అడగండి. కనబడదు. ఆ వంతెన నడుమ ఎత్తు, రెండు వైపులా వాలు. 1965 మార్చి 7న ఓటు హక్కు కోసం బయల్దేరిన సుమారు 600 మందికీ కనబడలేదు. ఒక్కో క్లిక్కూ నొక్కుతూ నడిమికి రండి. లాఠీలతో బారులు తీరిన పోలీసులు వాళ్ల కంటబడింది అక్కడే. అయినా వెనక్కి తిరగలేదు. మీరూ అక్కడ కాసేపు ఆగండి. పాఠం చెప్పకండి, పిల్లల్నే మాట్లాడనివ్వండి. ముందు వరుసలో నడిచిన జాన్ లూయిస్‌కు ఆ రోజు పుర్రె చిట్లింది. ఆ దెబ్బలు టీవీలో చూసి దేశం ఉలిక్కిపడింది. ఆగస్టు 6న ఓటుహక్కు చట్టం వచ్చింది.

ఇక వంతెన కమాను మీది పెద్దక్షరాలు చదివించండి. ఆ పెట్టస్ బానిసత్వం పక్షాన పోరాడిన సేనాని, తెల్లవారి ఆధిపత్యం కోసం పుట్టిన కూ క్లక్స్ క్లాన్ ముఠా నాయకుడు. పేరు ఇప్పటికీ అదే! ‘మార్చాలా, ఉంచాలా?’ అంటే మీ పీరియడ్ చాలదు.

ఒక్క జాగ్రత్త. పిల్లల్ని పోలీసులుగా, ఉద్యమకారులుగా విడదీసి నాటకం ఆడించకండి. మాట కులవివక్ష మీదికి మళ్లితే మంచిదే గానీ, ఏ దళిత విద్యార్థినీ ‘నీ అనుభవం చెప్పు’ అని లేపి నిలబెట్టొద్దు.

సందేహం: మావాడు తొమ్మిదో గ్రేడు. నల్లజాతివారి పోరాటం మీద ఇలాంటి వర్చువల్ టూర్లు చూసి ‘ఇది వాళ్ల చరిత్ర, మనకెందుకమ్మా?’ అంటున్నాడు. ఏం చెప్పను?
– ఒక తల్లి, డాలస్

సమాధానం: మీ ఇంటి సంగతే చెప్పండమ్మా. 1946 నాటి చట్టం భారతీయులకిచ్చిన వలస కోటా ఏడాదికి 100. జాతీయ కోటాలను ఎత్తేసే చట్టం మీద అధ్యక్షుడు జాన్సన్ సంతకం పెట్టింది 1965 అక్టోబరు 3న, అంటే ఓటుహక్కు చట్టం వచ్చిన రెండు నెలలకే. రెంటికీ ఒకే గాలి. మీవాడు డాలస్‌లో పెరగడానికి ఆ రెండో చట్టమే దారి వేసింది. అన్నట్టు మీకు స్క్రీన్ దేనికి? సెల్మా కారులో ఒక రోజు ప్రయాణం. వంతెన మొదట్లో దిగి, అబ్బాయిని ముందు నడవనివ్వండి.